క్యాండిల్ ఆరిపోయాక గ్లాసులో నీళ్లు ఎందుకు పైకెళ్తాయి? మనందరికీ తెలిసిన ఆ జవాబు తప్పని ఇంట్లోనే తేల్చేయొచ్చు!

సైన్స్ ఫెయిర్ అనగానే ఏం గుర్తొస్తుంది? థర్మాకోల్ షీట్ మీద ఓ అగ్నిపర్వతం.. స్టేషనరీ షాపులో రెడీమేడ్‌గా దొరికే సౌర కుటుంబం.. నాన్న రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని అతికించిన హైడల్ పవర్ ప్లాంట్. తెల్లారాక పిల్లాడి పని ఒక్కటే. చార్ట్ పక్కన నిలబడి బట్టీ పట్టిన నాలుగు ముక్కలు అప్పజెప్పడం.

చూడ్డానికి బాగుంటుంది. ఫొటోకీ బాగుంటుంది. కానీ దాన్ని ప్రయోగం అనలేం. బేకింగ్ సోడాలో వెనిగర్ పోస్తే నురగ పొంగుతుందని పోసేవాడికీ తెలుసు, చూసేవాడికీ తెలుసు. కొత్తగా తెలుసుకునేది ఏముంది అక్కడ?

ప్రయోగం అంటే ఏం జరుగుతుందో ముందే తెలియకూడదు. ‘ఇలా అవుతుంది’ అని ఓ అంచనా వేయాలి, చేసి చూడాలి. అంచనా నిలబడిందా, కూలిందా తేల్చుకోవాలి. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, వేల రూపాయల సైన్స్ కిట్ కూడా అక్కర్లేదు. ఎలాగో ఓ క్యాండిల్‌తో మొదలుపెట్టి చూద్దాం.

ఒక క్యాండిలా.. మూడా?

ఈ ప్రయోగం చాలామంది స్కూల్లో చూసే ఉంటారు. పళ్లెంలో కొంచెం నీళ్లు పోసి, మధ్యలో క్యాండిల్ నిలబెట్టి వెలిగించాలి. పైన గాజు గ్లాసు బోర్లించాలి. కాసేపటికి మంట ఆరిపోతుంది. పళ్లెంలోని నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. నీళ్లలో రెండు చుక్కలు ఇంకు వేస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

ఎందుకలా? అని అడగ్గానే పిల్లలే కాదు, పెద్దలు కూడా టక్కున చెప్పే జవాబు.. ‘‘గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ ఉంటుంది. అది మండిపోయింది. ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి.’’ వినడానికి పక్కాగా ఉంది. లెక్క కూడా కుదిరినట్టే కనిపిస్తుంది.

ఇక్కడే ఆగకుండా ఇంకొక్క అడుగు వేయాలి. అదే పళ్లెం, అదే గ్లాసు, అన్నే నీళ్లు. కానీ ఈసారి ఒకటి కాదు.. మూడు చిన్న క్యాండిళ్లు దగ్గర దగ్గరగా పెట్టి వెలిగించండి. గ్లాసు బోర్లించే ముందు పిల్లల్ని అడగండి. నీళ్లు ఇందాకటంతే ఎక్కుతాయా? ఎక్కువా? తక్కువా? జవాబు నోట్‌బుక్‌లో రాయించండి. నోటితో చెప్పించడం కాదు, రాయించడమే ముఖ్యం. లేకపోతే అయిపోయాక ‘నేను ముందే అనుకున్నా’ అనేస్తారు!

ఆక్సిజనే కారణమైతే నీళ్లు అంతే ఎత్తు ఎక్కాలి. గ్లాసు మారలేదు కాబట్టి అందులోని ఆక్సిజన్ కూడా మారలేదు. కానీ మూడు క్యాండిళ్లు పెట్టినప్పుడు నీళ్లు స్పష్టంగా ఎక్కువ ఎత్తుకు వెళ్తాయి. ఆక్సిజన్ కథ అక్కడితో కూలిపోతుంది.

మరి అసలు కారణం ఏంటి? మళ్లీ ఒకసారి చేసి, ఈసారి కళ్లు గ్లాసు అంచు దగ్గర పెట్టి చూడండి. గ్లాసు బోర్లించగానే అంచు కింద నుంచి బుడగలు బయటికి రావడం చాలాసార్లు కనిపిస్తుంది. మంటకు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి కొంత బయటికి పోతోందన్నమాట. ఇంకో విషయం.. మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదలవు. ఆరిపోయే ముందు, ఆరిపోయాకే జోరుగా ఎక్కుతాయి. వేడి గాలి చల్లబడి కుంచించుకుపోతే లోపల పీడనం తగ్గుతుంది. బయటి గాలి పళ్లెంలోని నీళ్లను లోపలికి నెడుతుంది. మూడు క్యాండిళ్లయితే వేడి ఎక్కువ, బయటికి పోయిన గాలి ఎక్కువ, ఎక్కే నీళ్లూ ఎక్కువే. పైగా మంటలో ఆక్సిజన్ మాయమైపోదు. కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మారుతుంది. గ్లాసులోని ఆక్సిజన్ మొత్తం అయిపోకముందే క్యాండిల్ ఆరిపోతుంది కూడా.

ఇంకా డౌట్ ఉందా? మంట లేకుండా చేయండి. ఖాళీ వాటర్ బాటిల్‌లో గోరువెచ్చని కన్నా కాస్త వేడి నీళ్లు పోసి, నిమిషం ఆగి పారబోసి, వెంటనే మూత గట్టిగా బిగించండి. దాన్ని చల్లటి నీళ్ల కింద పెడితే బాటిల్ లోపలికి నొక్కుకుపోతుంది. ఇక్కడ క్యాండిల్ లేదు, మండిన ఆక్సిజనూ లేదు. గాలి చల్లబడింది, అంతే.

ఎనిమిదేళ్ల పిల్లలు కూడా చేయగలిగిన పని ఇది. మంట ఉన్న భాగం మాత్రం పెద్దవాళ్లు పక్కన ఉండే చేయాలి. ఇందులో పిల్లలకు దక్కేది క్యాండిల్ గురించిన సమాచారం ఒక్కటే కాదు. ‘అందరూ చెప్పేదాన్ని కూడా పరీక్షించి చూడొచ్చు’ అని వాళ్ల చేతులతో వాళ్లే తెలుసుకుంటారు. ఏ ఫార్వర్డ్ మెసేజ్ వచ్చినా నమ్మేసే కాలంలో ఇదేమీ చిన్న విషయం కాదు.

పుస్తకం చూసి రాసే పరీక్ష!

ఈ పద్ధతిని ఇళ్లలో కాదు, ఏకంగా ప్రభుత్వ స్కూళ్లలోనే అమలు చేసిన చరిత్ర మన దేశానికి ఉంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో (ఇప్పుడు నర్మదాపురం) 16 మిడిల్ స్కూళ్లలో ఓ కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు దీన్ని ప్రారంభించాయి. ఢిల్లీ యూనివర్సిటీ, ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు పల్లెటూరి టీచర్లతో కలిసి కూర్చుని పనిచేశారు. 1982 నుంచి ఏకలవ్య సంస్థ దీన్ని నడిపించింది.

6 నుంచి 8వ తరగతి పిల్లలకు సైన్స్ క్లాసు అంటే ప్రయోగమే. ‘బాల్ వైజ్ఞానిక్’ అనే వాళ్ల పుస్తకంలో ప్రశ్నలుండేవి, ఏం చేయాలో ఉండేది. జవాబు మాత్రం పిల్లలే గుంపులుగా చేసి రాసుకోవాలి. పువ్వును విప్పి చూడ్డానికి సూది లేకపోతే తుమ్మ ముల్లు! ఇక పరీక్ష సంగతి వింటే ఇప్పటి పిల్లలు అసూయ పడతారు. పుస్తకం తెచ్చుకుని చూసి రాసుకోవచ్చు. ఎందుకంటే బట్టీ పడితే వచ్చే ప్రశ్నలు అందులో ఉండవు. పరికరాలతో చేసి చూపించాల్సిన పరీక్ష కూడా ఉండేది.

మెల్లగా వందల స్కూళ్లకు పాకిన ఈ కార్యక్రమాన్ని 30 ఏళ్ల తర్వాత, 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది. స్కూళ్లలో ఆగింది కానీ, ఆ ఆలోచన ఆగలేదు. మన స్కూల్ పుస్తకాల్లో ‘కృత్యం’ అని బాక్సుల్లో కనిపించేవి అదే దారిలోవి. కాకపోతే ఎన్ని క్లాసుల్లో ఆ కృత్యం నిజంగా చేయిస్తున్నారు, ఎన్ని క్లాసుల్లో ‘చదువుకోండి’ అని వదిలేస్తున్నారు అన్నది మీ ఇంట్లో పిల్లల్ని అడిగితే తెలిసిపోతుంది.

అగ్గిపుల్లల ఇంజినీర్

హోషంగాబాద్ నుంచే ఇంకో కథ మొదలైంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, పుణెలో ట్రక్కులు తయారుచేసే టెల్కోలో ఇంజినీర్‌గా ఉన్న అరవింద్ గుప్తా 1978లో సెలవు పెట్టి అక్కడికి వెళ్లారు. ఊరి సంతలో దొరికే వస్తువులతో బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. సైకిల్ వాల్వ్ ట్యూబ్‌ను చిన్న ముక్కలుగా కోసి, అగ్గిపుల్లలను వాటితో జోడిస్తూ చేసిన ఆకారాలు ఆయన్ను దేశమంతా పరిచయం చేశాయి. తర్వాత చెత్తతో బొమ్మలు చేయడమే జీవితంగా మార్చుకున్నారు. 2018లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన వీడియోలు, పుస్తకాలు పలు భారతీయ భాషల్లో ఇంటర్నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి.

వాల్వ్ ట్యూబ్ ఇప్పుడు దొరకడం కష్టమే. నో ప్రాబ్లం. రాత్రి నానబెట్టిన బఠాణీలు, టూత్‌పిక్‌లు చాలు. నాలుగు పుల్లలతో చతురస్రం చేసి ఒక మూల నొక్కితే వంకరపోతుంది. మూడు పుల్లలతో త్రిభుజం చేసి నొక్కితే కదలదు. ఇప్పుడు పిల్లల్ని బయటికి తీసుకెళ్లి హైటెన్షన్ టవర్, రైల్వే బ్రిడ్జి, సెల్ టవర్ చూపించండి. ఎన్ని త్రిభుజాలున్నాయో వాళ్లే లెక్కపెడతారు. ఎందుకున్నాయో మీరు చెప్పక్కర్లేదు.

నిజానికి మన ఊళ్లకు ఇది కొత్తేమీ కాదు. తాటాకు ముక్కలు అడ్డంగా పెట్టి, మధ్యలో తుమ్మ ముల్లు గుచ్చి, గాలికి ఎదురు పరిగెత్తిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. తాటికాయల బండి, బొప్పాయి కాడ బూర.. ఇవన్నీ ఆ రోజుల్లో ఆటలే. తాతయ్యనో అమ్మమ్మనో అడిగి ఒక్కటి చేయించుకోండి. ఆ తర్వాత ఒక్క ప్రశ్న కలపండి. కాడ పొట్టిగా కోస్తే శబ్దం సన్నగా వస్తుందా, లావుగా వస్తుందా? ఆట కాస్తా ప్రయోగం అయిపోతుంది. బొప్పాయి పాలు చర్మానికి, కళ్లకు మంట పెడతాయి కాబట్టి కాడను బాగా కడిగాకే వాడాలి.

వంటింట్లో ప్రశ్నలు

పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారుతుందని పారాణి చేసే ఇంట్లో ఎవరికైనా తెలుసు. అదే కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఇండికేటర్. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన తెల్ల కాగితం ముక్కలు ఓ ఇరవై సిద్ధం చేసి పిల్లల చేతికివ్వండి. బట్టల సబ్బు, ఒంటి సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్, వంట సోడా, చింతపండు రసం.. ఏది ఎర్రగా మారుస్తుంది, ఏది మార్చదు? ముందు అంచనా, తర్వాత టెస్ట్. నిమ్మరసం పడితే పసుపు రంగు మారదు. కానీ ఎర్రబడ్డ కాగితం మీద వేసి చూడమనండి!

ఇడ్లీ పిండి ఇంకా మంచి ప్రయోగం. ఎందుకంటే దీనికి ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో జవాబు. ఉప్పు ముందే వేస్తే పిండి బాగా పులుస్తుందా, పొద్దున వేస్తేనా? ఒకే రకం గాజు సీసాలు రెండు తీసుకుని, సగం దాకా ఒకే పిండి పోసి, ఒకదాంట్లో ఉప్పు వేసి, రెండోదాంట్లో వేయకుండా పక్కపక్కనే పెట్టండి. మూత బిగించొద్దు. గంట గంటకూ స్కేలుతో ఎత్తు కొలిచి రాయాలి. మిగతావన్నీ సమానంగా ఉంచి ఒక్కటే మార్చడం.. సైన్స్‌లో సగం కిటుకు ఇదే. పిండి పొంగేది ల్యూకోనోస్టాక్ లాంటి బ్యాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్లేనన్న పాఠం ఆ తర్వాత చదివితే మర్చిపోరు.

టీనేజర్లకు బోర్ కొట్టకుండా..

పదో తరగతి, ఇంటర్ పిల్లలకు ఇవన్నీ చిన్నపిల్లల ఆటల్లా అనిపించొచ్చు. వాళ్లకు దారం, ఓ నట్టు ఇవ్వండి. తలుపు గడపకు దారం కట్టి, నట్టు వేలాడదీసి ఊపితే లోలకం రెడీ. కట్టిన చోటు నుంచి నట్టు మధ్య దాకా సరిగ్గా మీటరు ఉంటే ఒకసారి వెళ్లి రావడానికి దాదాపు 2 సెకన్లు పడుతుంది. ఒక సెకను రావాలంటే దారం ఎంత ఉండాలి? ‘సగం’ అని చాలామంది అంటారు. చేసి చూస్తే కాదు. పావు మీటరు, అంటే 25 సెంటీమీటర్లు. నట్టు బరువు రెట్టింపు చేస్తే? దాదాపు ఏ తేడా ఉండదు.

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి 20 ఊపుల సమయం కొలిచి భాగిస్తే g విలువ ఇంట్లోనే వచ్చేస్తుంది. మీటరు దారానికి ఊపు 2.02 సెకన్లు వస్తే g 9.67 అవుతుంది. 9.8 రాలేదని బాధపడాల్సిన పనిలేదు. కాలేజీ రికార్డుల్లో ముందు 980 రాసుకుని, దానికి సరిపోయే రీడింగులు వెనక నుంచి కూర్చడం ఎంత మామూలో అందరికీ తెలిసిందే. ఆ లెక్కన కష్టపడి తెచ్చుకున్న 9.67కే విలువ ఎక్కువ. ఎందుకు తగ్గింది? దారం పొడవు తప్పు కొలిచామా, స్టాప్‌వాచ్ ఆలస్యంగా నొక్కామా? అసలు ఫిజిక్స్ అక్కడ మొదలవుతుంది.

ఇంకాస్త ముందుకెళ్లాలనుకునే పిల్లలకు అవకాశాలున్నాయి. కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్-మానక్ అవార్డుకు స్కూళ్లు తమ విద్యార్థుల ఐడియాలు పంపొచ్చు. ఎంపికైతే 10 వేల రూపాయలు విద్యార్థి ఖాతాలోనే పడతాయి. 1993 నుంచి జరుగుతున్న నేషనల్ చిల్డ్రన్స్ సైన్స్ కాంగ్రెస్‌లో పిల్లలు తమ ఊరి సమస్య మీదే ప్రాజెక్టు చేయాలి. అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న స్కూలైతే 20 లక్షల గ్రాంటుతో 3డీ ప్రింటర్లు, సెన్సర్లు వచ్చి ఉంటాయి. మీ పిల్లల స్కూల్లో ఆ బోర్డు ఉంటే పేరెంట్స్ మీటింగ్‌లో ఒక్కటే అడగండి.. వారానికి ఎన్నిసార్లు తాళం తీస్తున్నారు?

చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్‌కు 172 ఎకరాల క్యాంపస్ ఉంది. 1999లో మొదలైన ఈ సంస్థ ప్రయోగ పరికరాలను వ్యాన్లలో, బైకుల మీద ప్రభుత్వ స్కూళ్లకే తీసుకెళ్తుంది. ల్యాబ్ లేని స్కూలుకు ల్యాబే వెళ్తుందన్నమాట.

ఇవి మాత్రం వద్దు

షార్ట్ వీడియోల్లో కనిపించేవన్నీ ట్రై చేయొద్దు. టాయిలెట్ క్లీనర్లు, బ్లీచింగ్ లాంటివి కలపడం అస్సలు వద్దు. విషవాయువు వస్తుంది. కరెంటు ప్లగ్ జోలికి వెళ్లొద్దు. ప్రయోగాలకు టార్చిలైట్‌లో వేసే 1.5 వోల్టుల సెల్స్ చాలు. పాత ఫోన్ బ్యాటరీలను విప్పడం, గుచ్చడం ప్రమాదం. సూర్యుణ్ని నేరుగా చూడకూడదు, లెన్స్‌తో అసలే చూడకూడదు.

పెద్దవాళ్లకు కూడా ఓ రిక్వెస్ట్. పిల్లలు తప్పు అంచనా వేసినప్పుడు వెంటనే జవాబు చెప్పేయకండి. మీకూ తెలియకపోతే గూగుల్ చేసి చదివి వినిపించకండి. ‘ఎలా తెలుసుకుందాం?’ అని అడగండి. ఇది చెప్పినంత తేలిక కాదు. నోరు కట్టుకుని పది నిమిషాలు కూర్చోవడం పెద్దలకు చాలా కష్టం.

కర్ర, నీడ.. భూమి చుట్టుకొలత

చివరగా పైసా ఖర్చు లేని పెద్ద ప్రయోగం. తెలుగు రాష్ట్రాల మీద సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్యాహ్నం నిలువుగా పెట్టిన కర్రకు నీడే ఉండదు. దీన్నే జీరో షాడో డే అంటారు. హైదరాబాద్‌లో ఇది మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో వస్తుంది. విజయవాడలో మే 6, ఆగస్టు 7 దగ్గర. తిరుపతిలో ఏప్రిల్ చివరి వారం, మళ్లీ ఆగస్టు మధ్యలో. అదీ 12 గంటలకు కాదు. మన గడియారం టైమ్ కాకినాడకు దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశానిది కాబట్టి, దానికి పడమరన ఉన్న హైదరాబాద్‌లో మేలో 12.12కు, ఆగస్టులో 12.23 ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు.

అసలు మజా రెండు ఊళ్లలో ఒకేరోజు చేస్తే ఉంటుంది. మే 9న హైదరాబాద్‌లో నీడ మాయమైన రోజే, ఆదిలాబాద్‌లో ఉన్న పెద్దమ్మ కొడుకు మీటరు కర్ర నిలబెట్టి మధ్యాహ్నం అతి పొట్టి నీడ కొలిస్తే దాదాపు 4 సెంటీమీటర్లు వస్తుంది. అది ఉత్తరం వైపు పడుతుంది. తిరుపతిలో ఉన్న బాబాయి కూతురు కొలిస్తే ఆరున్నర సెంటీమీటర్లు. కానీ నీడ దక్షిణం వైపు! మధ్యాహ్నం నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని నమ్మే పిల్లలకు ఇది పెద్ద షాక్.

ఆదిలాబాద్ నీడ కోణం లెక్కగడితే సుమారు 2.27 డిగ్రీలు. మ్యాప్‌లో రెండు ఊళ్ల మధ్య ఉత్తర-దక్షిణ దూరం సుమారు 252 కిలోమీటర్లు. 360ని 2.27తో భాగించి 252తో గుణిస్తే 40 వేల కిలోమీటర్లకు కాస్త తక్కువ వస్తుంది. భూమి చుట్టుకొలత అది! రెండు వేల ఏళ్లకు పైగా క్రితం ఈజిప్టులో ఎరటోస్తనీస్ వాడింది ఇదే పద్ధతి.

కర్ర నిలువుగా ఉందో లేదో దారానికి నట్టు కట్టి పక్కన వేలాడదీసి సరిచూసుకోవాలి. 11.45 నుంచి ప్రతి ఐదు నిమిషాలకు నీడ కొస దగ్గర సుద్దతో గుర్తు పెడితే అతి పొట్టి నీడ ఎప్పుడు పడిందో దొరుకుతుంది. ఆగస్టులో మబ్బులు కమ్మితే కంగారు అక్కర్లేదు. ఒక రోజు అటూ ఇటూ అయినా మీటరు కర్రకు వచ్చే తేడా అర సెంటీమీటరే.